మామయ్యగారి చెవులు

సాయంత్రం నాలుగయ్యేసరికి మా హాల్లో రెండు పార్టీలు. ఇటు సోఫాలో అత్తయ్యగారు, ఆవిడ సీరియల్. అటు కిటికీ పక్కన కుర్చీలో మామయ్యగారు, ఆయన మాండొలిన్ శ్రీనివాస్. మామయ్యగారిది పాలకొల్లు. శ్రీనివాస్ పుట్టింది కూడా 1969లో ఆ ఊళ్ళోనే. అందుకని ఆయన గురించి చెప్పేటప్పుడల్లా "మా ఊరి కుర్రాడు" అంటారు. 2014లో ఆ కుర్రాడు నలభై అయిదేళ్ళకే పోయాడని పేపర్లో చదివిన రోజు, అన్నం సహించక మజ్జిగ తాగి పడుకున్నారు. అంత ఇష్టం.

ఒకే హాల్లో అత్తాకోడళ్ళ ఏడుపులూ మాండొలినూ కలిసి మోగుతుంటే వంటింట్లో ఉన్న నాకు తల వాచిపోయేది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఈ గొడవ చూసి, తన పాత లాప్‌టాప్ తాతయ్యకిచ్చి, దాంతోపాటు వైర్లెస్ హెడ్‌ఫోన్స్ కొనిపెట్టింది. ఇంట్లో శాంతి ఒప్పందం కుదిరిపోయింది. మామయ్యగారు కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ వినేవారు. అత్తయ్యగారు సౌండ్ ఇంకో రెండు గీతలు పెంచుకునేవారు.

ఈ సంక్రాంతి తర్వాత ఎప్పుడో గమనించాను, తాళం ఆగిపోయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం, అయిదు నిముషాలకి తీసి పక్కన పెట్టేయడం. కొన్నాళ్ళకి లాప్‌టాప్ తెరవడమే మానేశారు. అడిగితే, "చెవులు పోయాయమ్మా. డెబ్భై ఎనిమిది వచ్చాయి, ఇంకా ఏం ఉంటాయి!" అని నవ్వేశారు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, మేమందరం నమ్మేశాం. ఆ మర్నాటి నుంచి ఇంట్లో అందరికీ గొంతు పెరిగింది. "మామయ్యగారూ, కాఫీ!" అని నేను పక్కింటివాళ్ళకి వినపడేలా అరవడం. మావారు చెవి మిషన్ ఎంతవుతుందో కనుక్కుని రావడం. "నాకెందుకురా ఇప్పుడు అంత ఖర్చు" అని ఆయన కొట్టిపారేయడం. అరిచి చెప్పడం కష్టం కదా, మెల్లమెల్లగా చెప్పడమే తగ్గించేశాం. పాలవాడి లెక్క దగ్గర్నుంచి పెళ్ళి పిలుపుల దాకా ఆయన్ని అడక్కుండానే జరిగిపోయాయి. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, పాలవాడి లెక్క మేం తప్పు వేస్తుంటే కూడా కల్పించుకోలేదు. అది చూసి నాకు కొంచెం గుబులుగా అనిపించింది. అయినా వయసు కదా అనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం బల్ల తుడుస్తుంటే హెడ్‌ఫోన్స్ చేతికి తగిలాయి. ఎందుకో బుద్ధిపుట్టి చెవులకి పెట్టుకుని, లాప్‌టాప్‌లో ఆయన ఎప్పుడూ వినే కచేరీ మోగించాను.

అది మాండొలిన్ కాదు. వెనకటి ల్యాండ్‌లైన్‌లో ట్రంక్ కాల్ చేసి, అవతలివాళ్ళు రేడియో ముందు రిసీవర్ పెట్టినట్టుంది. మీటు మొద్దుబారిపోయింది. మృదంగం డొక్కు డబ్బాలా ఉంది. తంబూర అసలు లేనే లేదు. హెడ్‌ఫోన్స్ తీసి లాప్‌టాప్ స్పీకర్లో పెట్టాను. శుభ్రంగా ఉంది. అవే హెడ్‌ఫోన్స్‌ని నా ఫోనుకి కలిపాను. ఇంకా బాగుంది! అంటే పాటా బాగానే ఉంది, హెడ్‌ఫోన్సూ బాగానే ఉన్నాయి. లాప్‌టాప్‌తో కలిసినప్పుడే ఏదో తేడా.

నేను చదివింది బి.ఏ. తెలుగు. సంధి విడదీయమంటే విడదీస్తాను గానీ ఇలాంటివి నాకేం తెలుసు? అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, కింద టైమ్ చూపించే చోట పక్కనే చిన్న మైకు బొమ్మ ఉందా?" అంది.

ఉంది. దాని మీద బాణం గుర్తు పెడితే, మేం ఆదివారాలు వీడియో కాల్ మాట్లాడుకునే యాప్ మైకుని వాడుతోందని చూపించింది. ఆ రోజు బుధవారం!

"సంక్రాంతికి వచ్చినప్పుడు తాతయ్యకి లాప్‌టాప్‌లో కాల్ మాట్లాడటం నేనే నేర్పానమ్మా" అంది నెమ్మదిగా. కాల్ అయ్యాక ఆయన మూత దించేస్తారు. యాప్ వెనకాల నడుస్తూనే ఉంది, హెడ్‌ఫోన్స్‌లోని మైకుని పట్టుకుని వదలడం లేదు.

మైకు పట్టుకుంటే పాటకేమైంది అన్నాను. అప్పుడు చెప్పింది. ఇలాంటి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కంప్యూటర్‌తో రెండు రకాలుగా పనిచేస్తాయట. ఒకటి వినడానికి మాత్రమే. అప్పుడు దారంతా పాటదే, రెండు చెవులకీ వేరువేరుగా, నిండుగా వస్తుంది. రెండోది ఫోన్ మాట్లాడటానికి. అప్పుడు అదే దారిలో మన మాట వెళ్ళాలి, అవతలి మాట రావాలి. అందుకని శబ్దాన్ని కుదించేస్తుంది, రెండు చెవులకీ ఒకటే పంపిస్తుంది. సీడీలో సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి దాస్తే, ఫోన్ పద్ధతిలో పాతదైతే 8,000 సార్లు, కాస్త కొత్తదైతే 16,000 సార్లు కొలుస్తుందట. 8,000 సార్లే కొలిస్తే సెకనుకి 4,000 కంపనాలు దాటిన సన్నటి ధ్వనులేవీ అందులో పట్టవు.

ఇది మాత్రం నాకు వెంటనే అర్థమైంది. మేం బి.ఏ.లో శ, ష, స, హ లని ఊష్మాలని చదువుకున్నాం. వాటిలో శషసలు గాలి రాపిడితో సన్నగా పలికే ధ్వనులు. పాత ఫోన్లలో పేరు చెప్పేటప్పుడు ఎస్సో ఎఫ్ఫో తెలియక "ఎస్ ఫర్ సీత" అని చెప్పుకునేవాళ్ళం కదా, అందుకే. వయసు మీద పడుతుంటే చెవి ముందుగా పోగొట్టుకునేది కూడా ఆ సన్నటి ధ్వనుల్నేనట. అంటే ఆ హెడ్‌ఫోన్స్ మామయ్యగారికి అచ్చం ముసలి చెవిలాగే వినిపించాయి. ఆయన తన చెవుల్నే అనుమానించారు. పాపం, ఎవరైనా అంతే అనుకుంటారు.

అమ్మాయి ఫోన్లో చెప్తుంటే నేను చేసుకుంటూ పోయాను. మా లాప్‌టాప్ విండోస్ 10. ముందు ఆ యాప్‌ని పూర్తిగా మూసేశాను. అంతటితో సరిపోతుంది గానీ, వచ్చే ఆదివారం మళ్ళీ మొదటికొస్తుంది కదా. అందుకని కంట్రోల్ ప్యానెల్‌లో డివైసెస్ అండ్ ప్రింటర్స్‌కి వెళ్ళి, హెడ్‌ఫోన్స్ బొమ్మ మీద కుడివైపు బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో సర్వీసెస్ అన్నచోట చూస్తే చిన్న జాబితా ఉంది. అందులో హ్యాండ్స్‌ఫ్రీ టెలిఫోనీ అన్నదాని పక్కన టిక్ తీసేసి, అప్లై కొట్టాను. అంతే. ఇక ఈ లాప్‌టాప్‌కి సంబంధించినంతవరకు ఆ హెడ్‌ఫోన్స్‌కి మైకు లేనట్టే. మాట్లాడటం రాదు, వినిపించడమే వచ్చు.

మామయ్యగారు పడుకుని లేచాక, "ఒక్కసారి ఇది పెట్టుకోండి" అన్నాను. "వద్దులేమ్మా" అన్నారు. నేనే పెట్టాను. మొదటి మీటుకే కనుబొమలు పైకి లేచాయి. ఏమీ అనలేదు. కాసేపటికి వేళ్ళు తొడ మీద కదలడం మొదలైంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ నాకు పని ఏమీ లేదు. ఆయన ముందు కళ్ళు తుడుచుకోవడం బాగుండదని వెళ్ళాను.

ఆదివారం చిన్న తమాషా జరిగింది. వీడియో కాల్‌లో ఆయన మాట్లాడుతున్నారు, అటు అమ్మాయికి ఒక్క ముక్క వినపడదు. హెడ్‌ఫోన్స్‌కి మైకు తీసేశాం కదా, యాప్ ఇంకా దానికోసమే వెతుక్కుంటోంది. సెట్టింగ్స్‌లో మైకు దగ్గర లాప్‌టాప్‌ది ఎంచితే సరిపోయింది. ఇప్పుడు చెవులకేమో హెడ్‌ఫోన్స్, మాటకేమో లాప్‌టాప్. దేని పని దానిదే.

చెవుల డాక్టరు దగ్గరికి వచ్చే నెల ఎలాగూ తీసుకెళ్తాం. డెబ్భై ఎనిమిదేళ్ళకి ఎంతో కొంత తగ్గే ఉంటుంది, అవసరమైతే మిషనూ పెట్టిద్దాం. కానీ నాకు మనసులో ముల్లులా మిగిలింది వేరే. రెండు నెలలు నలుగురం ఆయన చెవుల గురించి మాట్లాడుకున్నాం. చెవి మిషన్ ధర కనుక్కున్నాం. ఆయనకి ఏం వినిపిస్తోందో ఒక్కసారి మా చెవులకి పెట్టుకుని చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నాకు తోచింది కూడా బల్ల తుడుస్తూ, అనుకోకుండా.

నిన్న సాయంత్రం కాఫీ తీసుకెళ్ళి అలవాటుగా అరిచాను, "మామయ్యగారూ, కాఫీ!" అని.

ఆయన హెడ్‌ఫోన్స్ పక్కకి జరిపి, "నెమ్మదిగా చెప్పమ్మాయ్, వినపడుతోంది" అన్నారు. గ్లాసు అందుకుంటూ, "అన్నట్టు ఆ పాలవాడికి పోయిన నెల మూడు లీటర్లు ఎక్కువ కట్టారు, చూసుకోండి" అన్నారు.