కరకట్టపై ఒక రాత్రి

పరుగు పిల్లల పని అని మేము చాలాకాలం అనుకున్నాము. మచిలీపట్నంలో మదరసా పాఠాలు చెప్పే మేమిద్దరమూ యాభై దాటినవాళ్ళమే. గుడివాడలో ఉద్యోగం చేసే ఒక పూర్వ విద్యార్థి వచ్చి, "హజ్రత్, మేము కొందరం నెలకోసారి రాత్రివేళ కలిసి పరుగెత్తుతాము. ఈసారి దివిసీమలో. మీరూ దయచేయండి" అన్నాడు. నవ్వి ఊరుకున్నాము. పైగా ఆ వారం మా మనసు మరోచోట ఉంది. హిఫ్జ్ తరగతిలో బాగా వెనుకబడిన ఒక అబ్బాయిని ఇంటికి పంపించివేయాలా అని తర్జనభర్జన పడుతున్నాము.

మర్నాటి పాఠమే మమ్మల్ని మందలించింది. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారనీ, మొదట ఆమె గెలిచారనీ, తర్వాతి కాలంలో జరిగిన పందెంలో ఆయన గెలిచారనీ అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఇక మా గౌరవానికి వచ్చే లోటేమిటి?

అది నవంబరు మాసం, వెన్నెల రాత్రి. చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరాము. అక్కడే కృష్ణ రెండు పాయలై దివిసీమను చుట్టి సముద్రం వైపు సాగుతుంది. అవనిగడ్డలో ఇషా నమాజు చేసి వచ్చేవరకు తోటి హిందూ, క్రైస్తవ యువకులు ఓపికగా వేచి ఉన్నారు. బయలుదేరే ముందు మూడు నియమాలు చెప్పారు. నుదుటికి దీపం ఉండాలి. పాముల భయం గనుక గడ్డిలో అడుగు పెట్టరాదు. అందరికంటే వేగంగా పరుగెత్తగలవాడు అందరికంటే వెనుక ఉండాలి. ఈ మూడోది మాకు వింతగా తోచింది.

కరకట్టకు ఒక పక్క నది, మరో పక్క కోతలు మొదలైన వరిచేలు. రెండు కిలోమీటర్లకే మాకు ఊపిరి అందలేదు. ముందున్న దీపాలు దూరమయ్యాయి. "మీరు వెళ్ళండి నాయనా" అన్నాము సిగ్గుతో. వెనుకనున్న యువకుడు, "మీరు నడిస్తే నేనూ నడుస్తానండీ" అన్నాడు. కాసేపటికి ముందు దీపాలు కూడా మాకోసం ఆగాయి.

కట్టపై ఆరబోసిన ధాన్యానికి కాపలా ఉన్న ఒక వృద్ధుడు, "ఎవర్ని తరుముతున్నారు సాయిబుగారూ?" అని నవ్వాడు. మాట 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మీదికి మళ్ళింది. పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన విపత్తు అది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మా మచిలీపట్నం పరిసరాల్లోనూ దాదాపు 30 వేలమంది మరణించారు. వృద్ధుడు నవ్వు ఆపి అన్నాడు: "ఆ రోజు ఎంత గట్టి పరుగూ నీళ్ళను గెలవలేదండీ. తాడిచెట్టు పట్టుకున్నవాళ్ళం, పక్కవాడు చెయ్యి వదలనివాళ్ళం మిగిలాం."

తిరుగు ప్రయాణంలో మేము ఎక్కువగా మాట్లాడుకోలేదు. దైవప్రవక్త (స) ప్రయాణాల్లో వెనుక ఉండి, బలహీనులను నడిపించేవారనీ, వాహనంపై తన వెనుక కూర్చోబెట్టుకునేవారనీ, వారికోసం దుఆ చేసేవారనీ మేము ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాము. ఆ రాత్రి వెనుకబడినవాళ్ళం మేమే అయినప్పుడు గాని దాని విలువ తెలియలేదు.

మర్నాడు ఫజ్ర్ తర్వాత తరగతికి వెళ్ళి, ఆ అబ్బాయి పక్కన కూర్చున్నాము. పాఠం అతని దగ్గరినుంచే మొదలుపెట్టాము. ఇన్షా అల్లాహ్, మిగిలినవారు ఆగుతారు.