ముసుగులోకి వెళ్లే ముందు

స్టాండు కెమెరా ఎదుట గ్రూప్ ఫొటోకు నిలబడినవాళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నారు. టేకుచెక్క పెట్టె, ఇత్తడి బిగింపులు, మధ్యలో మడతల బెల్లోస్, వెనక నల్లగుడ్డ ముసుగు వాళ్లకు గుర్తే. కేరళలోని ఆలప్పుళలో కరుణాకరన్ 1940లలో మొదలుపెట్టిన వాగీశ్వరి కెమెరాలు దేశంలో ఎన్నో స్టూడియోల్లో ఉండేవి. నంద్యాలలో మా చిన్నాయన దగ్గర ఉన్నదీ అదే, హాఫ్ ప్లేటుది. అయితే ఆ పెట్టెలో ఓ మూల ఫ్లానల్ గుడ్డలో చుట్టిపెట్టిన చిన్న వస్తువు మాత్రం ఎవరికీ గుర్తుండదు. దాని పేరు వ్యూఫైండర్. కెమెరాతో దానికి ఏ బిగింపూ లేదు. చేత పట్టుకుని, కంటికి ఆనించుకుని తిరగడానికే అది.

అంత పెద్ద కెమెరాకు మళ్లీ చిన్న గొట్టం ఎందుకని అడిగేవాళ్లు. స్టాండు కెమెరాలో బొమ్మ వెనకున్న గ్రౌండ్ గ్లాసు మీద పడుతుంది. తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై పడుతుంది. ముసుగు కప్పుకుని కళ్లు చీకటికి అలవాటు పడేదాకా అదీ కనిపించదు. చోటు నచ్చలేదని రెండడుగులు జరగాలంటే కాళ్లు విప్పాలి, మట్టం సరిచూడాలి, ఫోకస్ మళ్లీ పట్టాలి. అందుకే చిన్నాయన కెమెరాను పెట్టెలోనే ఉంచి, ముందు గొట్టం తీసుకుని చుట్టూ తిరిగేవాడు. వెనక నడిచే నాతో, “కాళ్లు యాడ నిలబడాల్నో ముందు తేల్చుకో రా, స్టాండు తర్వాత” అనేవాడు.

గొట్టం కొనకముందు ఆయన అట్టతో గడిపాడు. హాఫ్ ప్లేటు కొలత నాలుగూ ముప్పావు అంగుళాలకు ఆరున్నర. అందులో సగం కొలతకు అట్టలో కిటికీ కోసి, దానికి దారం కట్టి, దారంలో ముడులు వేశాడు. ఎనిమిదంగుళాల లెన్సుకు నాలుగంగుళాల దగ్గర ముడి. ముడిని చెంపకు ఆనించి, ఒక కన్ను మూసి చూస్తే లెన్సు ఎంత చూస్తుందో కిటికీ అంతే చూపిస్తుంది. పైసా ఖర్చు లేదు, చెడిపోదు. ఆళ్లగడ్డ శిల్పులు ఊళ్లకు పంపబోయే విగ్రహాలకు ఫొటోలు తీసే పనంతా ఆయన ఆ అట్టతోనే చేశాడు. విగ్రహం కదలదు, వెలుతురుకు కొదవ లేదు, వెనక్కి జరగడానికి చోటు బోలెడు. అలాంటి పనికి అట్టను మించింది లేదని నేను ఇప్పటికీ అంటాను.

చోటు లేని దగ్గరే అట్ట చేతులెత్తేస్తుంది. ఐదంగుళాల వైడ్ లెన్సుకు ఆ కిటికీని కంటికి రెండున్నర అంగుళాల దూరంలో పట్టాలి. అంత దగ్గరి అంచులు కంటికి ఆనవు, మసకబారిపోతాయి. అద్దాలున్న ఫైండర్ అప్పుడు కావాలి. అందులో దృశ్యం నిటారుగా, వెలుతురుగా కనిపిస్తుంది, అంచు తేటగా తెగుతుంది.

ఏ ఫైండర్ కొనాలన్నది తేలికైన ప్రశ్న కాదు. మామూలు చిన్న ఫిల్మ్ కెమెరాల ఫైండర్ల చట్రం రెండుకు మూడు. నాలుగుకు ఐదంగుళాల ఫిల్మ్ చట్రం అంతకంటే పొట్టిది. దాని 150 మి.మీ. లెన్సుకు చిన్న కెమెరాలో సాటి ఏదంటే, అడ్డం కొలిస్తే 45, నిలువు కొలిస్తే 38 అని రెండు జవాబులు వస్తాయి. ఏది నమ్మినా ఒక వైపు బొమ్మ తెగుతుంది, లేదా అక్కర్లేనిది వచ్చి చేరుతుంది. మ్యూనిక్‌లోని లిన్‌హాఫ్ కంపెనీ ఈ పెద్ద ఫిల్ముల కోసమే, లెన్సు మారిస్తే చూపు మార్చుకునే ఫైండర్ చేసింది. నంద్యాల స్టూడియోవాడికి అది అందేది కాదు.

చిన్నాయన మద్రాసు వెళ్లినప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో సినిమావాళ్ల గొట్టం కొనుక్కొచ్చాడు, డైరెక్టర్లు మెడలో వేలాడేసుకునే రకం. ఎందుకు అదే అంటే ఆయన దగ్గర లెక్క ఉంది. ‘మాయాబజార్’ కాలపు సినిమా చట్రం ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. హాఫ్ ప్లేటులో ఆరున్నరను నాలుగూ ముప్పావుతో భాగించినా 1.37 వస్తుంది. ఇంత చక్కగా కుదిరిన జోడీ గురించి ఆ తర్వాత నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో సినిమాస్కోప్ వచ్చింది కాబట్టే పాత చట్రం గొట్టాలు తనలాంటివాడికి దొరికాయని ఆయన నమ్మకం. గొట్టం మీది అంకెలు సినిమా లెన్సులవి. వాటిని ఏడున్నరతో హెచ్చించి పక్కనే తెల్లరంగుతో తన అంకెలు రాసుకున్నాడు. 27 ఎదురుగా 8 అంగుళాలు. 18 ఎదురుగా, కాస్త అటూ ఇటుగా, 5.

ఆ గొట్టం విలువ బెలుం గుహల్లో తెలిసింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహల గురించి రాశాడు. మళ్లీ 1980ల మొదట్లో డేనియల్ గెబౌయర్ బృందం జర్మనీ నుంచి వచ్చి లోపలి దారులు కొలిచింది. మొత్తం 3,229 మీటర్లని లెక్క. వాళ్లు వచ్చిపోయిన కబురు విని చిన్నాయన కెమెరా పెట్టె కట్టించాడు. అప్పటికి మెట్లూ లేవు, రంగుదీపాలూ లేవు. పైన చదునైన చేలు, చేల మధ్య నేల కుంగినట్టు గుంతలు, గుంతలో ఊరి చెత్త.

లోపల ఉక్క. పెట్రోమాక్సు వెలుగు నల్లటి సున్నపురాయి మీద పడి అక్కడే ఇంకిపోతుంది. అక్కడ గ్రౌండ్ గ్లాసు ఉట్టి నల్లపలక. అంతకంటే చిక్కు, దీపం పట్టుకున్న మనిషిని జరపడం. గ్లాసులో చూస్తూ “ఎడమకు” అంటే అతను కుడికి పోవాల్సినవాడు. ముసుగులోంచి అరిచి అరిచి అందరికీ విసుగు. గొట్టంలో ఎడమ ఎడమే. “ఇంకొంచెం రాప్పా... ఆఁ, ఆడనే” అనేవాడు, దీపం సరిగ్గా అంచుకు వచ్చి ఆగేది. చట్రం నాలుగు మూలలకూ అలా దీపాలు పెట్టించి, అప్పుడు కెమెరా ఎత్తి, గ్లాసు మీద నాలుగు చుక్కలూ మూలలకు వచ్చాయో లేదో చూసుకునేవాడు. ఫోకస్ కూడా ఆ చుక్కల మీదే. గొట్టం చూసిన చోటికే లెన్సు రావాలి. గోడ ఆరడుగుల దూరంలో ఉన్నప్పుడు జానెడు తేడా వచ్చినా రాయి వెనక రాయి కదిలిపోతుంది. తర్వాత దీపాలు తీసేయించి, చీకట్లో షట్టర్ తెరిచిపెట్టి, ఒక్కసారి వెలిగి మాడిపోయే ఫ్లాష్ బల్బులను రాళ్ల చాటునుంచి ఒక్కొక్కటే పేల్చేవాళ్లు. 1866లో అమెరికాలోని మామత్ గుహలో చార్లెస్ వాల్డాక్ మెగ్నీషియం మండించి ఫొటోలు తీశాడు. ఆయనకు పొగతో పేచీ, మావాళ్లకు ఊపిరి ఆవిరితో. గొట్టం కంటిగ్లాసును గడియకోసారి పంచె చెరగుతో తుడవాల్సి వచ్చేది.

గొట్టానికి చేతకానివీ ఉన్నాయి. లెన్సు పలకను పైకి లేపితే, వెనక పలకను వంచితే బొమ్మ ఎలా మారుతుందో అది చెప్పలేదు. ఆళ్లగడ్డలో నిలువెత్తు విగ్రహం పాదాలూ కిరీటమూ సమంగా రావాలంటే చివరకు ముసుగులో దూరాల్సిందే.

1999లో పర్యాటక సంస్థ గుహలను తీసుకుంది. 2002 నుంచి జనానికి తెరిచారు. కోటిలింగాలు, ఊడలమర్రి, పాతాళగంగ దాకా దీపాలు వచ్చాయి. ఫోన్ ఎత్తితే చీకట్లోనూ బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది, నచ్చకపోతే ఇంకోటి. బొమ్మలు బాగానే వస్తున్నాయి, ఒప్పుకోవాలి. చోటు వెతుక్కుంటూ ఖాళీ చేతులతో తిరగడం మాత్రం పోయింది.

మీ ఇంటి అటక మీద పాత స్టూడియో సామాను ఉంటే, పాతసామాన్లవాడికి వేసేముందు కెమెరా పెట్టె అడుగున ఒకసారి వెతకండి. అంకెలు చెక్కిన చిన్న గొట్టం దొరికితే ఇత్తడిని చింతపండుతో తోమొద్దు, అంకెలు పోతాయి. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, ఏ స్టూడియోదో, ఎవరు వాడారో చీటీ మీద రాసి దానికి కట్టండి.