ఎవరు లెక్కపెట్టారు వదినా?

“వదినా, మీ అన్నయ్యకి మళ్ళీ పిచ్చి లేచింది” అంది పక్కింటి వదిన, కంచె మీంచి కరివేపాకు రెమ్మలు అందిస్తూ.

“ఈసారి ఏమిటి?”

“కారు. కొత్తదైనా కాదు, 1969 నాటిదిట. పాంటియాక్ జీటీవో కన్వర్టిబుల్. నారింజ రంగు, వెనకాల రెక్క, పక్కల చారలు, ‘ద జడ్జ్’ అని స్టిక్కరూ. ఇలాంటిది ప్రపంచంలో ఇదొక్కటే అన్నాడట అమ్మేవాడు. ఆ ముక్క చెవిన పడ్డప్పటినుంచీ మనిషికి నిద్ర లేదు.”

నాకు నవ్వొచ్చింది. డెట్రాయిట్ చుట్టుపక్కల కాపురముంటూ ఆ మాట విననివాళ్ళెవరు? ఏటా ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద పాతకార్ల తిరనాళ్ళు జరుగుతాయి కదా, 1995లో మొదలయ్యాయి. రోడ్డు పక్క మడత కుర్చీ వేసుకుని కూర్చున్న ఏ పెద్దాయన్ని కదిపినా ఆయన కారు లోకానికంతటికీ ఒక్కటే. అబద్ధమనీ అనలేం. ఆ రోజుల్లో కారు కొనేవాళ్ళు రంగు, ఇంజను, గేరు, సీటు గుడ్డ, రేడియో, అన్నీ ఒక్కొక్కటిగా రాయించి తయారు చేయించుకునేవారు. ఆ లెక్కన నా పెళ్ళి చీరకూడా జరీ వెడల్పు, కొంగు మీద నెమళ్ళు, భోజనాల దగ్గర పడ్డ పప్పు మరక కలిపి చెబితే భూమ్మీద ఒక్కటే.

“అయితే మోసమేనంటావా?”

“మోసమో కాదో తర్వాత. ఎవరు లెక్కపెట్టారో అడగమను ముందు.”

పాంటియాక్ లెక్క ఉంది మరి. 1969లో జీటీవోలు మొత్తం 72,287 తయారయ్యాయి. అందులో జడ్జ్‌లు 6,833. వాటిలోనూ పైకప్పు వెనక్కి మడిచేవి 108. వదిన ఆ అంకె రెండుసార్లు చెప్పించుకుంది. మామూలు జీటీవో కన్వర్టిబుళ్ళేమో 7,328. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఎడమే అమ్మేవాడికి బంగారు గని. ఎందుకంటే జడ్జ్ అనేది వేరే కారేమీ కాదు. జీటీవోకే 330 డాలర్ల పైచిలుకు అదనంగా కట్టించుకున్న మూట: రామ్ ఎయిర్ ఇంజను, రెక్క, చారలు, స్టిక్కర్లు. నిజానికి ప్లిమత్ వాళ్ళ రోడ్ రన్నర్ చవగ్గా అమ్ముడుపోతుంటే దానికి పోటీగా ఓ చవక జీటీవో చేద్దామని మొదలెట్టారు. చివరికి మామూలు దానికన్నా ఖరీదైంది. పేరు పెట్టింది అప్పట్లో పాంటియాక్‌ని నడిపిన జాన్ డెలోరియన్. ‘లాఫ్-ఇన్’ అనే టీవీ హాస్య కార్యక్రమంలో జడ్జి గారి మీద నడిచిన వెటకారం అప్పట్లో అందరి నోళ్ళలోనూ నానుతుండేది, ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చిందే.

“కారు మీద నంబరుంటుందిగా? అందులో తెలీదూ?”

తెలుస్తుంది, సగం. డ్రైవరు వైపు అద్దంలోంచి చూస్తే డాష్‌బోర్డు మీద విన్ అనే ఆ గుర్తింపు నంబరు కనిపిస్తుంది. 242679 అని మొదలైతే 2 పాంటియాక్, 42 జీటీవో, 67 కన్వర్టిబుల్, 9 అంటే 69వ సంవత్సరం. జడ్జ్ అన్న సంగతి మాత్రం అందులో ఎక్కడా ఉండదు. ఇంజను దిమ్మ మీద రెండక్షరాల గుర్తు ఉంటుంది, డబ్ల్యూ-ఎస్ అని ఉంటే రామ్ ఎయిర్ ఇంజనే. కానీ మామూలు జీటీవోకీ ఆ ఇంజను వేయించుకోవచ్చు. దిమ్మ మీద విన్ నంబరులో కొంత భాగం చెక్కి ఉంటుంది. అది డాష్‌బోర్డు నంబరుతో కలిస్తే ఆ కారుతో పుట్టిన ఇంజను అన్నమాట. అదీ అరగదీసి కొత్తగా చెక్కేసే ఘనులున్నారు. ఇక స్టిక్కర్లూ రెక్కా అంటావా, ఇప్పటికీ కొత్తవి చేసి అమ్ముతూనే ఉన్నారు.

“మరి తేలేదెలా వదినా?”

“కాగితంతో.”

పీహెచ్ఎస్ అని ఒక సంస్థ ఉంది. 1961 నుంచి 1999 దాకా పాంటియాక్ కార్ల చిట్టాలు వాళ్ళ దగ్గర భద్రంగా ఉన్నాయి. విన్ నంబరు పంపి రుసుము కడితే, ఆ కారు ఫ్యాక్టరీ నుంచి డీలరుకి వెళ్ళినప్పటి ఇన్‌వాయిస్ నకలు ఇస్తారు. అందులో జడ్జ్ అని ఉంటే జడ్జ్, లేకపోతే నారింజ రంగు వేసుకున్న జీటీవో. ఇంతకు మించి వాదన లేదు.

ఇక్కడో విడ్డూరం చెప్పాలి. పాంటియాక్ అనే బ్రాండు 2010లో మూతపడింది, అయినా దాని పుస్తకాలు మిగిలాయి. అదే జనరల్ మోటార్స్ ఇంట్లో షెవ్రొలే దివ్యంగా బతికుంది, దాని ఆనాటి పుస్తకాలు లేవు. దాని 1970 షెవెల్ మోడల్లో ఎల్ఎస్6 ఇంజను వేసినవి 4,475 అని తెలుసు. వాటిలో కన్వర్టిబుళ్ళు ఎన్నంటే కంపెనీ కూడా చెప్పలేదు. ఎవరైనా ఖచ్చితమైన అంకె చెప్పాడంటే ఆ కారు దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వెయ్యమంటాను నేను. షెవెల్ ఉన్నవాళ్ళు పెట్రోలు ట్యాంకు దించి, దాని నెత్తిన అతుక్కుపోయిన ఫ్యాక్టరీ కాగితం ముక్క దొరుకుతుందేమోనని వెతుక్కుంటారు పాపం. సగం ఎలకలు తిన్నదైనా సరే, దొరికితే పండగే. ఫోర్డు వాళ్ళకా బాధ లేదు. 1967 నుంచి కంపెనీ లెక్కలన్నీ కెవిన్ మార్టీ అనే ఆయన దగ్గరున్నాయి, అడిగితే రిపోర్టు ఇస్తాడు.

క్రైస్లర్ వాళ్ళది ఇంకో దారి. వాళ్ళ 1971 ప్లిమత్ హెమీ ‘కుడా’ అనే కన్వర్టిబుల్ ఉంది చూడూ, పెద్ద ఇంజన్ల మజిల్ కార్లలో దానికి జరిగే పూజ దేనికీ జరగదు. హెమీ అంటే 426 క్యూబిక్ అంగుళాల ఇంజను. తయారైనవి 11 అని చెప్పుకుంటారు, అమెరికాలో అమ్మినవి 7, అందులో నాలుగు గేర్ల మాన్యువల్‌వి 2. దాని జాతకం విన్ నంబరులోనే ఉంటుంది: ఐదో గుర్తు ఆర్ అయితే హెమీ. బానెట్ ఎత్తితే లోపల రేకు ముక్క మీద సంకేతాలుంటాయి. సీటు స్ప్రింగుల్లో ఫ్యాక్టరీ కాగితం దొరికినా దొరకొచ్చు. 2014లో సియాటిల్ వేలంలో ఒకటి 35 లక్షల డాలర్లు పలికింది, వేలం రుసుము కాక.

“అంత గొప్పదాన్ని పదకొండే ఎందుకు చేశారూ, పిసినారితనం కాకపోతే?”

ఎవరూ కొనక వదినా! హెమీ ఇంజనుకే 900 డాలర్ల దాకా అదనం. ఆ ఇంజనుతో ఏసీ ఇచ్చేవారు కాదు. కుర్రాడు కొంటే ఇన్సూరెన్సు వాళ్ళు వాయించేసేవారు. పెట్రోలు తాగుడు సరేసరి. ఏసీ కార్లొచ్చాక పైకప్పు తీసి ఎండలో తిరగాలన్న సరదా జనానికే తగ్గింది. 1971లో జడ్జ్ కన్వర్టిబుళ్ళు 17 దగ్గరే ఆగిపోయాయి. ఇవాళ అపురూపమని కళ్ళకద్దుకునేవన్నీ ఆనాడు డీలరు దగ్గర ఎవరికీ పట్టని సరుకే.

పైగా ఇవన్నీ తయారైన కార్ల లెక్కలు. మిచిగన్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పుపట్టి తుక్కు కిందకి పోయినవెన్నో ఎవరి పద్దులోనూ ఉండదు.

వదిన కాసేపు ఆలోచించింది. “విన్ నంబరు అడిగితే ఇస్తానన్నాడా, సంశయిస్తున్నాడా కనుక్కుంటాను” అంది. తెలివైన మనిషి. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు చాలు, పీహెచ్ఎస్‌కి డబ్బు కట్టాలా అక్కర్లేదా తేలిపోతుంది.

“ఇన్‌వాయిస్ తెప్పించాక మామూలు జీటీవో అని తేలిందనుకో, జీటీవో ధరకి బేరమాడమను. అదీ మంచి కారే.”

“ధర సంగతి తర్వాత. మా గ్యారేజీలో నా వేపుళ్ళ స్టవ్వు, ఫ్రీజరు, పదిహేను కిలోల సోనామసూరి బస్తాలు ఉన్నాయి. 108లో ఒకటైనా సరే, 7,328లో ఒకటైనా సరే, అది వస్తే ఇవెక్కడికి పోతాయో ముందు ఆయన్ని చెప్పమను!”