కోతుల మరణవార్త

చెడిన జన్యువు చేయవలసిన పనిని చేయుటకై మంచి జన్యువును దేహములోనికి పంపి వ్యాధిని కుదుర్చుటకు జన్యుచికిత్స యని పేరు. జన్యువు తనంతట కణములోనికి పోజాలదు గనుక, రోగము కలిగించు గుణము తీసివేసిన వైరసు నొకదానిని దానికి వాహనముగా చేయుదురు. ఆ వాహనము ఎంత మోతాదున క్షేమకరమో, ఎంత మోతాదున ప్రాణాంతకమో మనుష్యులకిచ్చుటకు ముందు కోతులయందు చూతురు. పిచ్చుక నేలబడుటయు దేవునికి తెలియునని పిల్లలకు బోధించెడి మేము ఈ పరీక్షలను గూర్చి నిబ్బరముగా చదువజాలము. అయినను వలదని చెప్పుటకును మాకు నోరు రాదు.

“ఎలుకలు చాలవా, మాస్టరుగారూ?” యని మా విద్యార్థి యొకడు అడిగెను. చాలవు. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడులోనికి సులభముగా చొచ్చుకొనిపోవు వైరసును ప్రకటించిరి. 2018లో దానినే కోతులకిచ్చి చూడగా ఆ విశేషమేమియు కానరాలేదు. ఎలుకయందు మాత్రమే చూచి దానిని నమ్మియున్నయెడల ఏమగును?

ఈ పనికి విరివిగా వాడబడు రీసస్ కోతి మన దేశపుదే. ఒకప్పుడు వేలకొలది కోతులు ఇచ్చటినుండి ఓడలమీదను విమానములమీదను పోయినవి. 1978లో మన ప్రభుత్వము ఆ ఎగుమతిని నిలిపివేసెను.

అయితే కోతి చచ్చి తెలిపిన సంగతిని మనుష్యుడు మనుష్యునికి తెలుపకున్న నేమి ఫలము? జెస్సీ గెల్సింగరు అను అమెరికా యువకునికి కాలేయములో నొక జన్యులోపముండెను. పథ్యముతోను మందులతోను అతడు బాగుగనే తిరుగుచుండెను. అదే లోపముతో పుట్టి చనిపోవు పసికందులకు మేలు కలుగునని తలంచి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున జరిగిన పరీక్షకు తన దేహము నొప్పగించెను. 1999 సెప్టెంబరు 13న వైరసు ఎక్కించిరి. 17న అతడు మరణించెను. వయస్సు 18 ఏండ్లు. అంతకుముందు అట్టి చికిత్స పొందిన కోతులు కొన్ని చనిపోయిన సంగతి అతడు సంతకము చేసిన సమ్మతి పత్రమున లేదని పిమ్మట జరిగిన విచారణలో తేలెను. ఆ కోతుల మోతాదు హెచ్చనియు, వాహనము పాతరకమనియు సమాధానము చెప్పవచ్చును. హెచ్చో తగ్గో తూచుకొనుట ఆ బిడ్డకును అతని తండ్రికిని విడువవలసిన పని గాదా?

ఆ పరిశోధనకు పెద్దయైన జేమ్సు విల్సనుగారే 2018లో మరియొక వార్త ప్రకటించిరి. పసిబిడ్డల కండరములు క్షీణించు వ్యాధికి ఉపకరించు జన్యువును వైరసుద్వారా హెచ్చు మోతాదున మూడు కోతులకు ఇచ్చిరట. మూడింటికిని కాలేయము దెబ్బతినెను. రెండు కోలుకొనెను, ఒకదానిని నాలుగు దినములకే చంపివేయవలసివచ్చెను. ఈ మారు ఆ సంగతి దాచక అచ్చువేసిరి.

ఆ వ్యాధికే, ఆ జాతి వైరసుతోనే చేయబడిన యొక మందును రెండేండ్లలోపు బిడ్డలకు వాడుటకు 2019 మే నెలలో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. కూర్చుండజాలని బిడ్డలు దానివలన కూర్చుండిరి. ఆ మందుతో వచ్చు కాగితమున, గీతలు గీసిన పెట్టెలో, అన్నిటికంటె పైని అచ్చువేసినది కాలేయమునకు కలుగగల అపాయమును గూర్చిన హెచ్చరిక.