బంగారు పూత దోమ

విదేశాలు వెళ్ళివచ్చినవారి ఇంటికి మీరు ఎప్పుడైనా వెళ్ళారా? కాఫీ కంటే ముందు ఆల్బం వస్తుంది. గడియార స్తంభం ముందు ఆయన, వంతెన ముందు ఆయన, మంచులో ఓవర్‌కోటుతో ఆయన. మన వంతు తలూపడం. నా ఆల్బం చూసినవారికి ఆపాటి కాలక్షేపం కూడా ఉండదు. అందులో నేను లేను, రాణిగారి కోటా లేదు. ఒక ఇంటి గుమ్మం పక్కన తుప్పుపట్టిన ఇనప పట్టీ, చర్చి గోడకు గొలుసుతో కట్టిన గ్లాసు, పిడి లేని నీళ్ళ పంపు, ఒక దోమ. ఇలాంటివే అన్నీ.

రాజోలు దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూడేళ్ళు పనిచేసి, 1998లో ప్రజారోగ్యం చదవడానికి స్కాలర్‌షిప్పు మీద ఏడాదిపాటు లండను వెళ్ళాను. అప్పటి కెమేరా సంగతి మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. రోలుకు 36 ఫొటోలు. కొనడం ఒక ఖర్చు, కడిగించడం ఇంకో ఖర్చు. కోటలకూ వంతెనలకూ చవగ్గా పోస్టుకార్డులు దొరుకుతాయి గదా, పోస్టుకార్డు దొరకనివాటికే ఫిల్ము ఖర్చు చేద్దామని లెక్క వేసుకున్నాను. పిసినారి లెక్కే. కాని దానివల్ల రోడ్డు మీద నడిచేటప్పుడు కళ్ళు కిందకీ, గోడల మీదకీ తిప్పడం అలవాటైంది.

ఆ దోమ సంగతి చెబుతాను. లండన్‌లో కెప్పెల్ స్ట్రీట్ అనే వీధిలో ఉష్ణమండల వ్యాధుల విద్యాలయం ఉంది. ఆ భవనం 1929లో తెరిచారు. వీధిలో నిలబడి తలెత్తి చూస్తే కిటికీల ముందు చిన్న చిన్న బాల్కనీలు, వాటి ఇనప కమ్మీల మీద బంగారు పూత పూసిన కంచు బొమ్మలు కనిపిస్తాయి. దేవతలూ కారు, రాజులూ కారు. దోమ, పేను, నల్లి, ఎలుక, పాము! మనుషుల్ని చంపినవాటిని గోడకెక్కించి, ఎవరితో యుద్ధమో రోజూ గుర్తు చేసుకుంటున్నారన్నమాట. కింద నడిచిపోయేవారిలో తల ఎత్తేవారు తక్కువ. నేను ఒక్క దోమ మీదే మూడు ఫొటోలు ఖర్చుపెట్టాను.

ఎందుకో కోనసీమవారికి వేరే చెప్పక్కర్లేదు. కాలవలు, చెరువులు, ఇంటి వెనక కొబ్బరితోటలో నిలవనీరు, ఎటు చూసినా నీళ్ళే. అమలాపురమైనా, కొత్తపేటైనా, బోదకాలున్న మనిషి లేని వీధి నా చిన్నతనంలో అరుదు. రాత్రి తొమ్మిది దాటాక ఫైలేరియా సిబ్బంది లాంతరు పట్టుకుని వచ్చి వేలు గుచ్చి నెత్తురు తీసుకునేవారు. ‘పగలు రాకూడదా, దొంగల్లా రాత్రి వస్తారేం?’ అని మా నాయనమ్మ తిట్టేది. ఈ రోగపు పిల్ల పురుగులు రాత్రివేళే నెత్తుటిలో పైకి తేలతాయని ఆవిడకెలా తెలుస్తుంది? పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తూ, 1877లో ఫైలేరియా పురుగు దోమ కడుపులో పెరుగుతుందని కనిపెట్టాడు. లండన్‌లో ఆ విద్యాలయాన్ని 1899లో స్థాపించింది ఆయనే.

ఈ కథలో మనవాడొకాయన కూడా ఉన్నాడు. కోనసీమకు వశిష్ఠ గోదావరి అవతల ఉన్న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా వెళ్ళారు. తరవాత ఆయన పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థ నుంచే 1947లో ఫైలేరియా మందు వచ్చింది. హెట్రజాన్ అంటే పెద్దవాళ్ళు గుర్తుపడతారు. డి.ఇ.సి. పేరుతో మన ఇళ్ళకు తెచ్చి మింగించిన మాత్ర అదే.

పిడి లేని పంపు కథ చిన్నది. 1854లో సోహో పేటలో కలరా వచ్చి 600 మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళు తాగినవారని జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి తేల్చి, సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీయించాడు. అప్పటికే రోగం తగ్గుముఖం పట్టిందని నిజాయితీగా తనే రాసుకున్నాడు కూడా. దాని గుర్తుగా 1992లో అక్కడ ఒక నమూనా పంపు పెట్టారు, పిడి లేకుండానే. గొలుసు గ్లాసు 1859 నాటి ఉచిత మంచినీటి కుళాయిది. కలరా భయంతో మంచినీళ్ళు పెట్టారు, బాగానే ఉంది. వీధి వీధంతా ఒకే గ్లాసుతో తాగితే మిగతా రోగాల మాటేమిటని అడగకండి.

ఇనప పట్టీ మాత్రం నాకు చాలా ఇష్టం. అక్కడి పాత ఇళ్ళ గుమ్మాల పక్కన నేలలో పాతి ఉంటుంది. బూట్ల అడుగున బురద దానిమీద గీరుకుని లోపలికి వెళ్ళాలి. అది చూసినప్పుడల్లా మన గుమ్మం ముందు చెంబుతో నీళ్ళు గుర్తుకొచ్చేవి. మనం ఇంకో మెట్టు పైనే, కాళ్ళే కడుక్కుంటాం. కాని ఎలా కడుక్కుంటాం? మడమ మీద ఒక చెంబు, పాదం మీద ఒక చెంబు, తడికాళ్ళతోనే లోపలికి.

తిరిగివచ్చేసరికి కెమేరాలో నాలుగు ఫొటోలు మిగిలాయి. మా పెద్దమ్మకు కుడికాలు బోదకాలు. ఏటా నాలుగైదుసార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రగా కమిలి వారం రోజులు మంచం మీదే. జ్వరం వచ్చి తగ్గిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావయ్యేది. ఆ మిగిలిన నాలుగు ఫొటోలూ ఆవిడ కాలివేళ్ళ సందులు తీశాను. కడిగించి, పెద్దవి చేయించి చూపించాను. వేళ్ళ మధ్య చర్మం తెల్లగా నాని, ఒరిసి, సన్నగా చీలి ఉంది. ‘ఇది నా కాలేనట్రా?’ అంది. వంగలేని మనిషి, ఇరవై ఏళ్ళుగా అక్కడికి ఆవిడ చూపు పోలేదు.

ఆ జ్వరం దోమ తెచ్చిన పురుగు పని కాదని మీలో ఎంతమందికి తెలుసు? వేళ్ళ మధ్య చీలికల్లోంచి మామూలు చీముపుట్టించే క్రిములు లోపలికి పోవడంవల్ల వచ్చేది అది. కాబట్టి లావైన కాలు మాత్రలు మింగితే సన్నబడుతుందని ఎదురుచూడకండి, జ్వరాన్ని మాత్రం దగ్గరికి రాకుండా చేసుకోవచ్చు. రోజూ పొద్దున, రాత్రి సబ్బుతో, మామూలు చన్నీళ్ళతో కడగండి, వేళ్ళ సందుల్లో కూడా. గట్టిగా రుద్దకండి. ఆ తరవాత మెత్తని పాత గుడ్డతో ఒక్కొక్క సందూ అద్ది ఆరబెట్టాలి. అందరూ మానేసేది ఇదే. చీలికలుంటే డాక్టరు చెప్పిన ఫంగస్ మందు రాయండి. రాత్రి మంచం కాళ్ళవైపు కోళ్ళకింద ఇటికలు పెట్టండి. గుండెజబ్బున్నవారు మాత్రం డాక్టరును అడిగిగాని ఈ పని చేయకూడదు. కూర్చున్నప్పుడు పాదం పైకీ కిందకీ ఆడించండి. జ్వరం వచ్చిన రోజుల్లో ఆడించవద్దు. అప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుని, తడిగుడ్డ వేసుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కాపడం పెట్టకండి, జలగలు పట్టించకండి. మధుమేహం ఉన్నవారు చిన్న పుండైనా ఆలస్యం చేయకూడదు.

పెద్దమ్మకు కాలు కడిగే పని మా చెల్లెలు తీసుకుంది. తరవాతి రెండేళ్ళలో జ్వరం ఒక్కసారే వచ్చింది. కాలు సన్నబడలేదు, వంటింట్లో నిలబడి చేసుకోగలిగింది.

దోమ సంగతి మరిచిపోలేదు. బోదకాలు దోమకు కుళ్ళునీళ్ళంటే ప్రాణం. అమలాపురంలో ఎవరి మేడ ఎక్కినా నా కళ్ళు సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం మీదకే పోతాయి. పదిళ్ళలో ఎన్నిటికి పైన వల కట్టి ఉందో మీరే లెక్కపెట్టండి. దోమతెర ముక్క, ఒక తాడు, అంతే. ఏటేటా ఇంటికి తెచ్చే మాత్రలు ‘నాకు రోగం లేదుగా’ అని కిటికీలో పెట్టేయకండి, వచ్చినవారి ఎదుటే మింగండి. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, బాగా జబ్బుపడి ఉన్నవారికి మాత్రం ఇవ్వరు.

ఈమధ్య రోగులు సెల్‌ఫోన్లో ఫొటోలు తీసుకొస్తున్నారు, సంతోషం. కాని మోకాలినుంచి పాదందాకా కాలంతా తీస్తున్నారు. లావు నాకు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది కదా! ఇంకొకరు వేళ్ళు విడదీసి పట్టుకోగా, పగటి వెలుతురులో, ఒక్కొక్క సందూ దగ్గరగా తీయండి. కడిగాక కాదు, కడగకముందు.