గులాబిరంగు పెట్టె

కాలిఫోర్నియా ప్రజల ఉదయపు ఫలహారం వెనుక, దేశం కోల్పోయిన కొన్ని వేల కుటుంబాల కథ దాగి ఉన్నది.

తెల్లవారుజామున నాలుగు గంటల వేళ లాస్ ఏంజెలిస్ మహానగరంలో మేలుకొని ఉండే చోట్లు బహు తక్కువ. ఆసుపత్రులు, పెట్రోలు బంకులు, వాటితోపాటు డోనట్ దుకాణాలు. ఏ కూడలి దగ్గర చూసినా, బట్టలు ఉతికే దుకాణానికీ మద్యం అంగడికీ నడుమ ఇరుక్కున్నట్లుగా ఒక చిన్న గది, అందులో నాలుగైదు కుర్చీలు, గాజు బీరువాలో వరుసలు తీర్చిన వేడివేడి డోనట్లు కనిపిస్తాయి. రాత్రి పాళీ ముగించుకొని ఇంటిముఖం పట్టిన నర్సులు, పనిముట్లతో బయలుదేరిన తాపీ మేస్త్రీలు, గస్తీ తిరిగే పోలీసులు అక్కడ ఒకే వరుసలో నిలబడతారు. బల్ల వెనుక ఉన్న స్త్రీ ఎవరికి ఏది కావాలో అడగకుండానే కాగితం సంచిలో వేసి అందిస్తుంది. ఆ స్త్రీ చాలా తరచుగా కాంబోడియా దేశస్థురాలై ఉంటుంది.

డోనట్ అంటే తెలుగువారికి వెంటనే గుర్తుకు వచ్చేది గారె. ఆకారంలో రెండూ అక్కచెల్లెళ్లే. రుచిలో మాత్రం ఒకటి ఉప్పు, రెండవది తీపి. గోధుమపిండిని ఈస్టుతో పులియబెట్టి, పొంగిన తరువాత నూనెలో వేయించి, పంచదార పాకంలో ముంచితే దూదివంటి మెత్తని డోనట్ వస్తుంది. ఈస్టుకు బదులు బేకింగ్ పౌడరు కలిపితే కేకులాగా గుల్లగా ఉంటుంది. పైన పగుళ్లువారి, అంచులు కరకరలాడే ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’ ఈ రెండవ జాతిలోనిది. పాతకాలపు ఖాతాదారులు ఎక్కువమంది దానికే ఓటు వేస్తారు.

నడుమ ఉండే చిల్లుకు కూడా ఒక చరిత్ర ఉన్నది. అమెరికాకు వలస వచ్చిన డచ్చివారు నూనెలో వేయించిన పిండి ఉండలు తినేవారు. అవి పైన మాడి, లోపల పచ్చిగా మిగిలిపోయేవి. మెయిన్ రాష్ట్రానికి చెందిన హాన్సన్ గ్రెగరీ అనే నావికుడు 1847లో, పదహారేళ్ల వయసులో, డబ్బా మూతతో ఆ ఉండకు నడుమ చిల్లు చేశానని వృద్ధాప్యంలో ఒక పత్రికా విలేఖరికి చెప్పాడు. అందులోని నిజానిజాల మాట ఎలా ఉన్నా, కారణం మాత్రం సమంజసమైనదే. చిల్లు ఉంటే వేడి అన్నివైపులా సమంగా తగిలి పిండి లోపలిదాకా ఉడుకుతుంది. గారెకు వేలితో చిల్లు పెట్టే ఇల్లాలికి ఈ రహస్యం ఏ నావికుడూ చెప్పనక్కరలేదు.

డోనట్‌ను అమెరికా జాతీయ తినుబండారంగా నిలబెట్టినది మొదటి ప్రపంచయుద్ధం. 1917లో సాల్వేషన్ ఆర్మీ మహిళలు ఫ్రాన్సులోని యుద్ధరంగానికి వెళ్లి, సైనికులకు వేడి డోనట్లు వేయించి పెట్టారు. యుద్ధం నుండి తిరిగి వచ్చినవారు ఆ రుచిని మరచిపోలేదు. ఆ మహిళల గౌరవార్థం 1938లో షికాగోలో మొదలైన ‘డోనట్ దినం’ నేటికీ ప్రతి జూన్ నెల మొదటి శుక్రవారంనాడు జరుగుతున్నది.

నగరానికి గుర్తులు

దక్షిణ కాలిఫోర్నియా కార్లలో బ్రతికే ప్రాంతం. కారు ఆపకుండానే దూరం నుండి కంటబడాలని ఇక్కడి వ్యాపారులు దుకాణాల నెత్తిమీద వింత వింత ఆకారాలు నిలిపారు. విమానాశ్రయానికి చేరువలో, ఇంగిల్‌వుడ్‌లో ఉన్న ‘రాండీస్ డోనట్స్’ కప్పుమీద బ్రహ్మాండమైన డోనట్ ఒకటి 1950ల నుండి నిలబడి ఉన్నది. ఎన్నో చలనచిత్రాలలో కనిపించిన ఆ చక్రం నగరానికే ఒక గుర్తు. లా ప్యూంటే పట్టణంలో 1968లో కట్టిన ‘డోనట్ హోల్’ మరీ విచిత్రం. అక్కడ రెండు పెద్ద డోనట్ల చిల్లులలోనుంచి కారు నడుపుకొంటూ పోతూ, దారిలోనే సరకు కొనుక్కోవచ్చు. కొత్త దంపతులు అందులోనుంచి వెళితే శుభమని కూడా ఒక నమ్మకం ఏర్పడింది. గ్లెండోరాలో 1972లో వెలసిన ‘డోనట్ మ్యాన్’ ముందు స్ట్రాబెరీ పండ్ల కాలంలో జనం బారులు తీరుతారు. రొట్టెను చీల్చి, తాజా పండ్లను దోసిలినిండా కూరినట్లు నింపి ఇస్తారు.

అయితే ఈ నగరపు అసలు డోనట్ చరిత్ర ఇటువంటి పేరుమోసిన చోట్లలో లేదు. పేరు కూడా ఎవరికీ గుర్తుండని మూలమీది చిన్న దుకాణాలలో ఉన్నది.

నం కాంగ్ జ్ఞాపకం

1975 ఏప్రిల్ 17న కాంబోడియా రాజధాని నాంపెన్ ఖ్మేర్ రూజ్ దళాల వశమైనది. తరువాతి నాలుగేళ్లలోపే సుమారు 17 లక్షలమంది హత్యలకు, ఆకలికి, రోగాలకు బలి అయ్యారని అంచనా. తప్పించుకోగలిగిన అదృష్టవంతులలో టెడ్ నోయ్ ఒకరు. కాంబోడియా సైన్యంలో మేజరు హోదా గల ఆయన భార్యతోను, ముగ్గురు పిల్లలతోను కాలిఫోర్నియాలోని పెండిల్‌టన్ సైనిక శిబిరానికి చేరాడు. టస్టిన్ పట్టణంలోని ఒక చర్చివారు ఆ కుటుంబానికి పూచీపడి, ఆయనకు పారిశుద్ధ్యపు పని ఇచ్చారు. ఇల్లు గడవక రాత్రులు పెట్రోలు బంకులో రెండవ ఉద్యోగం చేశాడు.

ఆ బంకు సమీపంలో ఒక డోనట్ దుకాణం ఉండేది. ఒక రాత్రి అక్కడి నుండి వచ్చిన వాసన ఆయనను నిలబెట్టింది. కొని కొరికి చూడగానే స్వదేశం గుర్తుకు వచ్చింది. కాంబోడియాలో ‘నం కాంగ్’ అనే తినుబండారం ఉన్నది. బియ్యపు పిండిని కంకణంలా చేసి, నూనెలో వేయించి, తాటిబెల్లపు పాకం పోసి, నువ్వులు చల్లుతారు. ఆకారంలో గారెకు, రుచిలో అరిసెకు చుట్టమన్నమాట. కన్నబిడ్డవంటి ఊరు కాలిపోతున్న సమయంలో, ఎక్కడో పరాయిదేశపు వీధిలో అదే ఆకారం కంటబడటం ఎటువంటి అనుభవమో ఊహించుకోవలసినదే.

ఆనాడు పశ్చిమతీరంలో ఈ వ్యాపారానికి రాజు ‘విన్‌చెల్స్’ సంస్థ. నోయ్ అక్కడ శిక్షణ పొంది, ఒక దుకాణం నడిపి, అచిరకాలంలోనే లా హాబ్రాలో ‘క్రిస్టీస్’ అనే సొంత దుకాణం కొన్నాడు. ఒకటి నిలదొక్కుకోగానే మరొకటి కొనేవాడు. కొన్నవాటిని తోటి శరణార్థులకు కౌలుకు ఇచ్చి, పని నేర్పేవాడు. నూరు కుటుంబాలకు పైగా ఆయన పూచీపై అమెరికాకు వచ్చాయని చెబుతారు. వచ్చినవారు తమ బంధువులకు నేర్పారు. వారికి బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. వారు ‘తాంగ్ తిన్’ అనే పద్ధతిలో తలా కొంత వేసుకొని, వంతులవారీగా పాడుకొన్నారు. అది మన చిట్టీపాటకు మారురూపమే.

గులాబిరంగుకు కారణం

ఈ వ్యాపారానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు, ధారాళమైన ఇంగ్లీషు అక్కరలేదు. కావలసినది ఓపిక. అర్ధరాత్రి పిండి కలపడానికి భర్త లేస్తాడు. అయిదింటికి భార్య బల్ల దగ్గర నిలుస్తుంది. బడి వదలగానే పిల్లలు పెట్టెలు మడుస్తారు. పిండి బస్తాలమీద నిద్రపోయినవారు, బల్లకింద కూర్చొని లెక్కలు చేసుకొన్నవారు నేడు నడివయస్కులు. కూలి లేని శ్రమ కనుకనే పెద్ద సంస్థలు వీరితో పోటీపడలేకపోయాయి.

ఆ పొదుపే కాలిఫోర్నియాకు ఒక రంగును ఇచ్చింది. డోనట్లను తెల్లని అట్టపెట్టెలలో పెట్టి అమ్మడం ఆనవాయితీ. గులాబిరంగు అట్టపెట్టెలు కొన్ని సెంట్లు తక్కువకు దొరుకుతాయని తెలిసి ఈ దుకాణదారులు వాటిని కొనసాగారట. చైనా సంతతివారైన ఆ వ్యాపారులలో చాలామందికి తెలుపు మరణసూచకం, ఎరుపు శుభసూచకం. ఎరుపుకు దగ్గరి రంగు చవకగా దొరికితే కాదనేదెవరు? నేడు హాలీవుడ్ చిత్రంలో గులాబి పెట్టె కనబడితే చాలు, లోపల ఏమున్నదో చెప్పనక్కరలేదు.

కథానాయకుడి కథ మాత్రం సుఖాంతం కాలేదు. కోటీశ్వరుడైన నోయ్ లాస్ వేగాస్ జూదశాలలలో సంపాదననంతా పోగొట్టుకొన్నాడు, సంసారమూ చెదిరింది. ఈ పతనాన్ని ఆయన తన ఆత్మకథలో దాచకుండా చెప్పుకొన్నాడు. 2020లో ‘ది డోనట్ కింగ్’ అనే డాక్యుమెంటరీ చిత్రమూ వచ్చింది. కాని ఆయన నాటిన విత్తులు ఆయనతో పోలేదు. లాంగ్ బీచ్‌లో 2007లో ఒక వీధి భాగానికి అధికారికంగా ‘కాంబోడియా టౌన్’ అని పేరు పెట్టారు.

ఇప్పటి ప్రశ్న వేరు. తలిదండ్రులు నలభైఏళ్లు నిద్ర మానుకొన్నది పిల్లలు ఆ పని చేయనక్కరలేకుండా ఉండాలనే. పిల్లలు చదువుకొని డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు. అంటే శ్రమ ఫలించింది. దుకాణానికి వారసుడు లేడు. విదేశాలకు బిడ్డలను పంపి, ఊళ్లో పొలం కౌలుకిచ్చుకొన్న తెలుగు తండ్రికి ఈ చిక్కు వివరించనక్కరలేదు. కొందరు పిల్లలు మాత్రం తిరిగి వచ్చి, కొత్త రుచులతో, చరవాణిలో ప్రచారంతో పాత గదికి కొత్త ఊపిరి పోస్తున్నారు.

ఈ దుకాణాలు ఊరికి ఏమవుతాయో 2018లో సీల్ బీచ్ పట్టణం చూపింది. అక్కడ దశాబ్దాలుగా అమ్ముతున్న ఒక కాంబోడియా దంపతులలో భార్య జబ్బుపడింది. భర్త ఒంటరిగా దుకాణం చూసుకొంటున్నాడు. చందా పోగుచేస్తామంటే ఆయన వద్దన్నాడు. భార్య పక్కన ఉండటానికి సమయం దొరికితే చాలునన్నాడు. అది విని ఊరివారు పొద్దున్నే వచ్చి డజన్ల లెక్కన కొనసాగారు. సరకంతా పెందలకడనే అయిపోయేది. ఆయన తలుపు మూసి భార్య దగ్గరకు వెళ్లేవాడు.

ఆ వైపు వెళ్లే యాత్రికుడు ఏడు గంటలలోపే ఏదో ఒక మూలదుకాణం చేరుకోవడం మంచిది. డజను అడిగితే పెట్టెలో చాలాసార్లు పదమూడవది కూడా ఉంటుంది. పిల్లవాడు వెంట ఉంటే చిల్లు తీసిన చిన్న ఉండలు రెండు అదనంగా పడతాయి. ఇటువంటి దానికి తెలుగులో చక్కని మాట ఉన్నది, కొసరు అని. తమకు తూకం తప్పకుండా అన్యాయమే చేసిన చరిత్రను దాటివచ్చినవారు, అపరిచితులకు కొసరు వేసి ఇవ్వడం మరువలేదు.