గడియారంతో పందెం

పందెం అనగానే ప్రక్కవానిని ఓడించడమే గుర్తుకు వస్తుంది. ఎడ్ల పందెమైనా, పడవ పందెమైనా పోటీ మనిషికీ మనిషికీ మధ్యనే. కాని 1990 దశకంలో వచ్చిన ఒక కారు పందెపు వీడియో ఆటలో అసలు ప్రత్యర్థి ప్రక్క కారు కాదు, గడియారం. ఆ ఆట పేరు డేటోనా యు.ఎస్.ఏ.

జపానుకు చెందిన సెగా సంస్థ దీనిని 1993లో రూపొందించింది. మరుసటి సంవత్సరానికి ఇది అనేక దేశాల ఆటశాలలకు చేరింది. చలనచిత్ర విద్య అభ్యసించిన తోషిహిరో నగోషి దీనికి దర్శకుడు. పాటలకు బాణీలు కట్టిన తకెనోబు మిత్సుయోషియే వాటిని పాడాడు కూడా. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో పేరుపొందిన డేటోనా పందెపు బాట పేరే ఈ ఆటకు వచ్చింది.

ఈ యంత్రానికి కారులో ఉన్నట్లే ఆసనం, స్టీరింగు, యాక్సిలరేటరు, బ్రేకు, నాలుగు గేర్ల కడ్డీ ఉంటాయి. తెరమీది కారు గోడకు తగిలితే చేతిలోని స్టీరింగు అదురుతుంది. యంత్రాలను తీగలతో కలిపితే ఎనిమిదిమంది వరకు ఒకే పందెంలో పాల్గొనవచ్చు.

అంతకుముందు 1992లో ఇదే సంస్థ తెచ్చిన వర్చువా రేసింగ్ ఆటలో కొండలు, కార్లు ఒట్టి రంగు పూసిన అట్టముక్కల వలె కనిపించేవి. డేటోనాలో ఆ పలకలమీద చిత్రాలు అతికించారు. బోసిగోడకు పూలకాగితం అంటించినట్లు బండకు బండ రూపు, తారురోడ్డుకు తారు రూపు వచ్చాయి. తెరమీద సెకనుకు 60 చిత్రాలు మారుతుంటే కదలిక ఎక్కడా తెగినట్లు అనిపించదు. ఈ విద్య సైనిక శిక్షణ కోసం విమానయానాన్ని అనుకరించే యంత్రాలు చేసిన ఒక అమెరికా సంస్థనుండి వచ్చింది. యుద్ధానికై పెరిగిన విద్య ఆటశాలలో వినోదమై నిలిచింది.

ఈ ఆటకు కొత్తగా వచ్చిన కుర్రవాణ్ణి ఊహించుకోండి. నాణెం వేసి కూర్చున్నాడు. సులభమైన బాటనే ఎంచుకున్నాడు. పందెంలో 40 కార్లు ఉన్నాయి. ఎనిమిది చుట్లు తిరగాలి. తెరమీద సెకన్లు తరిగిపోతున్నాయి. నిర్ణయించిన గీత దాటితే మరికొన్ని సెకన్లు దొరుకుతాయి. దాటలేకపోతే పందెం అక్కడితో సరి. అతడు యాక్సిలరేటరు మీదనుండి కాలు తీయడు. మలుపు రాగానే కారు గోడకు కొట్టుకుంటుంది. మళ్ళీ వేగం అందుకునేలోపల సెకన్లు జారిపోతాయి. నాణెం వెంట నాణెం వేస్తాడు. ప్రతిసారీ అదే గోడ, అదే ఓటమి.

ప్రక్క ఆసనంలోని అనుభవజ్ఞుడు మాత్రం మలుపుకు ముందే కాలు తీస్తాడు. గేరు తగ్గిస్తాడు. కారు వెనుకభాగం ప్రక్కకు జారుతుంటే స్టీరింగును ఎదురు దిక్కుకు త్రిప్పి నిలబెడతాడు. చూసేవారికి అతడు నెమ్మదించినట్లు ఉంటుంది. మలుపు దాటేసరికి అతడే ముందుంటాడు. తగ్గడం ఎక్కడో తెలిసినవానికే వేగం దక్కుతుందని కుర్రవానికి అప్పుడు అర్థమవుతుంది. అది చెప్పడానికి ఎవరూ నోరు విప్పనక్కరలేదు.

1995లో ఈ ఆట ఇళ్ళలోని సెగా సాటర్న్ యంత్రానికి వచ్చింది. ఆ చిన్న యంత్రానికి అంత శక్తి లేక దూరపు కొండలు ఉన్నట్టుండి ఎదుట మొలిచేవి. అయినా ఇంటిల్లిపాదీ ఆడుకున్నారు. చిత్రం తగ్గినా పందెంలోని ఉత్కంఠ పోలేదు.

అయితే ఆటకూ రోడ్డుకూ ఒక పెద్ద తేడా ఉంది. ఆటలో గోడను గుద్దుకున్నవాడు పోగొట్టుకునేది కొన్ని సెకన్లు, ఒక నాణెం. రోడ్డుమీద ఆ పొరపాటుకు మరొక నాణెం వేసి తిరిగి మొదలుపెట్టే వీలు లేదు. తెరమీది గోడ వందసార్లు క్షమిస్తుంది. ఆ క్షమను రోడ్డునుండి కూడా ఆశించేవాడు ఆటను ఆడాడేగాని, అది నేర్పిన పాఠాన్ని అందుకోలేదు. మలుపు ముందు కాలు తీయడం ఆటలో నేర్చుకున్నవాడికి మాత్రం వేసిన నాణేలన్నీ గిట్టుబాటైనట్లే.